జియాన్ కొనబోయేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు

పాత వర్క్‌స్టేషన్ (ఆఫీసుల్లో భారీ పనులకి వాడే కంప్యూటర్) ఫొటో పంపి "ఇది తీసుకోవచ్చా అన్నా" అని అడిగేవాళ్లు తగ్గట్లేదు. సందేహాలు ఎప్పుడూ అవే, జవాబులూ అవే కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేశా. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికే వెళ్లిపోండి. ధరలు మాత్రం రాయలేదు. ఈ వారం ఉన్న రేటు వచ్చే వారం ఉండదు, పైగా 2025 చివర్లో ర్యామ్ రేట్లు ఎగబాకాక పాత లెక్కలన్నీ తారుమారయ్యాయి.

## కొనాలన్న ఆలోచన వచ్చినప్పుడు

జియాన్ అంటే ఒక ప్రాసెసర్ పేరా?

కాదు, ఇంటెల్ వాళ్లు సర్వర్లకీ వర్క్‌స్టేషన్లకీ అమ్మే ప్రాసెసర్లన్నిటికీ కలిపి పెట్టిన ఇంటిపేరు. 1998లో పెంటియం 2 జియాన్‌గా మొదలైంది, 2001లో పెంటియం అన్న ముక్క తీసేసి ఉత్త జియాన్ చేశారు. 2009లో 5500 సిరీస్ వచ్చినప్పుడు మెమరీ కంట్రోలర్ చిప్పు లోపలికే వచ్చేసింది, 2012లో ఈ5 సిరీస్, 2017లో బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అనే స్కేలబుల్ సిరీస్, 2024లో జియాన్ 6. 2009 నాటి 4 కోర్ల (పని చేసే యూనిట్ల) చిప్పూ జియానే, 2024లో వచ్చిన 128 కోర్ల చిప్పూ జియానే. అందుకే ఎవరైనా "జియాన్ సిస్టమ్ ఉంది, ఇస్తా" అంటే మోడల్ నంబర్ చెప్పేదాకా ధర మాట్లాడకండి.

అన్నా, ఐ7 కంటే జియాన్ ఫాస్టా?

ఎక్కువమంది పనులకి కాదు. సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరికే ఈ5-2680 వీ4 తీసుకోండి: 14 కోర్లున్నాయి గానీ టర్బోలో (అవసరానికి వేగం పెంచుకున్నప్పుడు) కూడా 3.3 గిగాహెర్ట్జ్ దాటదు. ఈ మధ్య ఐ9లు 5.5 పైనే పరుగెడతాయి, పైగా ఒక్కో గిగాహెర్ట్జ్‌కి అవి చేసే పని కూడా ఎక్కువ. జియాన్ గొప్పంతా వేగంలో కాదు, దాని చుట్టూ ఎంత తగిలించొచ్చు అన్నదాంట్లో ఉంది. అదే 2680 వీ4కి నాలుగు మెమరీ ఛానళ్లు (ర్యామ్‌కి దారులు), 40 పీసీఐఈ లేన్లు (కార్డులకి దారులు) ఉన్నాయి, ఒక్క సాకెట్‌కే (చిప్పు కూర్చునే చోటుకి) 1.5 టెరాబైట్ల దాకా ర్యామ్ పట్టుద్ది. మామూలు డెస్క్‌టాప్ చిప్పుకి రెండు ఛానళ్లు, దాదాపు 20 లేన్లు. 128 జీబీ ర్యామ్, రెండు గ్రాఫిక్స్ కార్డులు, ఒక 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు, నాలుగు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు ఒకే పెట్టెలో కావాలంటేనే జియాన్ వైపు చూడండి.

ఈసీసీ ర్యామ్ అంటే ఏంటి, నాకు అవసరమా?

ప్రతి 64 బిట్ల డేటాకీ ఇంకో 8 బిట్లు తనిఖీ కోసం దాచుకునే ర్యామ్. ఒక బిట్ తారుమారైతే అదే సరిచేసుకుంటుంది, రెండు బిట్లు పోతే కనీసం పోయాయని చెప్తుంది. మామూలు ర్యామ్ అయితే నోరు మూసుకుని తప్పు డేటానే అందిస్తుంది. డీడీఆర్4 స్టిక్కు చేతిలోకి తీసుకుని నల్ల చిప్పులు లెక్కపెట్టండి, ఒక వైపు 8 ఉంటే మామూలుది, 9 ఉంటే చాలావరకు ఈసీసీ. డేటాబేస్, ఫైల్ సర్వర్, రాత్రంతా నడిచే రెండర్ లాంటివాటికి కావాల్సిందే. ఆటలకీ, కోడింగ్ నేర్చుకోడానికీ అక్కర్లేదు.

డీడీఆర్5లో ఈసీసీ ముందే ఉంటుందిగా అంటారు కొందరు. అది చిప్పు లోపలి తప్పులు సరిచేసుకోడానికే, ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కి వెళ్లే దారిలో జరిగేది దానికి తెలీదు.

ఈ5-2680 వీ4, గోల్డ్ 6248ఆర్... ఈ పేర్లు ఎలా చదవాలి?

ఈ5-2680 వీ4లో మొదటి 2 అంటే ఒకే బోర్డు మీద రెండు చిప్పులు కలిపి వాడొచ్చని. 1 ఉంటే ఒక్కటే పనిచేస్తుంది, 4 ఉంటే నాలుగు. చివరి వీ4 తరం: వీ అసలు లేకపోతే 2012, వీ2 2013, వీ3 2014, వీ4 2016. మధ్యలో 80 లాంటి అంకె ఎంత పెద్దదైతే సాధారణంగా ఆ తరంలో అంత ఖరీదైనది. ఎల్ అక్షరం కనిపిస్తే కరెంటు తక్కువ తినేది, వేగమూ తక్కువే.

స్కేలబుల్‌లో మొదటి అంకె హోదా: 8 ప్లాటినం, 6, 5 గోల్డ్, 4 సిల్వర్, 3 బ్రాంజ్. రెండో అంకె తరం, దీన్నే జనం చూడకుండా వదిలేస్తారు. 6148లో 1 అంటే 2017 సరుకు, 6248లో 2 అంటే 2019, 6348లో 3 అంటే 2021, 4 వస్తే 2023 జనవరి, 5 వస్తే 2023 డిసెంబరు. చివర ఆర్ ఉంటే అదే తరంలో తర్వాత వచ్చిన మెరుగైన రకం. 6248లో 20 కోర్లుంటే 6248ఆర్‌లో 24.

బ్రాంజ్ జియాన్ తక్కువలో వస్తోంది, తీసుకోనా?

వద్దు. 2017 నాటి బ్రాంజ్ 3104లో 6 కోర్లు, 1.7 గిగాహెర్ట్జ్, టర్బో లేదు, హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండు థ్రెడ్లు, అంటే రెండు పనులు మోసే సదుపాయం) లేదు. ఒక మంచి ఐ3 దాన్ని మట్టి కరిపిస్తుంది. స్టోరేజ్ పెట్టెల్లో ఉండాల్సిన చిప్పు అది, మీ బల్ల మీద కాదు.

జియాన్ 6లో ఈ-కోర్, పీ-కోర్ అంటున్నారు, అవేంటి?

డెస్క్‌టాప్‌లో రెండు రకాల కోర్లూ ఒకే చిప్పులో కలిసి ఉంటాయి. జియాన్ 6లో అలా కలపరు, వేరువేరు చిప్పులుగా అమ్ముతారు. మోడల్ చివర 'ఈ' అక్షరం ఉంటే అన్నీ చిన్న కోర్లు: 6780ఈలో 144 ఉన్నాయి, హైపర్ థ్రెడింగ్, ఏవీఎక్స్-512 (భారీ లెక్కల ఆదేశాలు) రెండూ లేవు, వేలకొద్దీ చిన్న చిన్న వెబ్ అభ్యర్థనలకి బాగుంటుంది. చివర పీ ఉంటే పెద్ద కోర్లు, 6980పీలో 128. ఇవి డేటా సెంటర్ సరుకు, మన బడ్జెట్లోకి రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

ఏఎండీ ఎపిక్ ఉండగా ఇంకా జియాన్ ఎందుకు?

కొత్త సర్వర్ కొంటూ, కోర్లే లెక్క అయితే, మొహమాటం లేకుండా ఎపిక్ (ఏఎండీ వాళ్ల సర్వర్ ప్రాసెసర్) చూడండి. 2019లో ఎపిక్ 64 కోర్లతో వచ్చినప్పుడు మామూలు సాకెట్ జియాన్ 28 దగ్గరే ఆగి ఉంది. 2024లో ఎపిక్ 192 కోర్ల దాకా వెళ్లింది. అయినా ఆఫీసులు జియాన్ దగ్గరే ఉండిపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. నడుస్తున్న వర్చువల్ మెషీన్ని (ఒక యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో యంత్రాన్ని) ఆపకుండా ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చాలంటే రెండు వైపులా ఒకే కంపెనీ ప్రాసెసర్లు ఉండాలి. ఇరవై ఇంటెల్ సర్వర్లున్న చోట ఇరవై ఒకటోది ఏఎండీ పెడితే అడ్మిన్‌కి టెన్షన్. ఇక సెకండ్ హ్యాండ్ మార్కెట్లో అయితే జియాన్‌కి ఉన్నన్ని బోర్డులు, కూలర్లు, విడిభాగాలు ఎపిక్‌కి ఇంకా దొరకవు.

## నా పనికి సరిపోతుందా అని చూసేటప్పుడు

గేమింగ్‌కి వాడొచ్చా?

ఆడొచ్చు, కానీ అదే పని కోసం కొనకండి. ఆటలకి కొన్ని కోర్లు, అవి వేగంగా ఉండాలి. 14 కోర్లలో సగం ఖాళీగా కూర్చుంటే మిగతా సగం 3 గిగాహెర్ట్జ్ దగ్గర ఆయాసపడుతుంటాయి. మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ప్రాసెసరే వెనక్కి లాగుతుంది. అంతే డబ్బుకి సెకండ్ హ్యాండ్ రైజెన్ 5 తీసుకుంటే ఎక్కువ ఫ్రేములొస్తాయి.

వీడియో ఎడిటింగ్‌కి ఎలా ఉంటుంది?

సాఫ్ట్‌వేర్‌ని బట్టి, ఫుటేజీని బట్టి. ఫోన్లు, చిన్న కెమెరాలు ఇచ్చే హెచ్.265 ఫైళ్లని టైమ్‌లైన్ మీద కదిలించాలంటే వీడియో డీకోడర్ ఉండాలి. ఐ5, ఐ7ల్లో ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌తో పాటు క్విక్ సింక్ అనే డీకోడర్ వస్తుంది, ఈ5, స్కేలబుల్ జియాన్లలో ఆ భాగమే లేదు. అప్పుడు ఆ పని గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. పెళ్లి వీడియోలు చేసే స్టూడియోల వాళ్లు "20 కోర్లు పెట్టినా ఇరుక్కుంటోంది" అని తిట్టుకునేది ఎక్కువగా దీనివల్లే. బ్లెండర్‌లో సీపీయూ రెండర్, లేదా పెద్ద కంపోజిటింగ్ ఫైళ్లు అయితే కథ వేరు, అక్కడ కోర్లూ ర్యామూ రెండూ పనికొస్తాయి.

ఆటోక్యాడ్ స్లోగానే ఉంది, టాస్క్ మేనేజర్లో 28 గడులు కనిపిస్తున్నా వాడకం 4 శాతమే, ఏం తప్పు?

ఏమీ తప్పు లేదు. 28లో ఒక్క గడి నిండితే మొత్తం వాడకం దాదాపు 4 శాతమే చూపిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ ఆ క్షణంలో ఒకే కోర్ మీద నడుస్తోందన్నమాట. గీయడం, జూమ్ చేయడం లాంటి పనులు ఎక్కువగా ఇలాంటివే, రెండర్ కొట్టినప్పుడే మిగతా కోర్లు లేస్తాయి. రోజంతా గీసేవాళ్లకి తక్కువ కోర్లు, ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న చిప్పు కావాలి. ఈ5-1650 వీ3 లాంటి 6 కోర్ల జియాన్ ఈ పనిలో చాలా 14 కోర్ల జియాన్ల కంటే హాయిగా ఉంటుంది.

అమీర్‌పేటలో కోర్స్ చేస్తున్నా, ఇంట్లో ల్యాబ్ పెట్టుకోడానికి ఏది కొనాలి?

జియాన్ నిజంగా డబ్బుకి న్యాయం చేసేది ఇక్కడే. లినక్స్ అడ్మిన్, కుబర్నెటిస్, విండోస్ సర్వర్ లాంటివి నేర్చుకోడానికి ఒక్కసారే ఏడెనిమిది వర్చువల్ మెషీన్లు నడపాలి. కుబర్నెటిస్‌కి మూడు కంట్రోల్ నోడ్లు, మూడు వర్కర్లు, ఒక్కోదానికి 4 జీబీ చొప్పున వేసినా 24 జీబీ అక్కడే అయిపోతుంది, మీ 16 జీబీ ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. ఒక సాకెట్ ఉన్న పాత వర్క్‌స్టేషన్, ఈ5 వీ3 లేదా వీ4, 64 జీబీ ఈసీసీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, పైన వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్. ఇది చాలు. రెండు సాకెట్లది, ర్యాక్ సర్వర్ అని ఎగబడకండి, నేర్చుకునేది సాఫ్ట్‌వేర్.

ఇంకో మాట. కోర్సు వాళ్లు రిమోట్ ల్యాబ్ ఇస్తుంటే, ముందు అది ఎలా ఉందో కొన్నాళ్లు చూడండి.

మా ఆఫీసులో పదిమంది టాలీ వాడతారు, జియాన్ సర్వర్ పెట్టాలా?

పదిమందికి 14 కోర్లు అవసరం పడవు. జియాన్ 'ఈ' అనే చిన్న సిరీస్, పాతదైతే ఈ3, నాలుగు నుంచి ఎనిమిది కోర్లు, ఈసీసీ ర్యామ్, రెండు ఎస్‌ఎస్‌డీలు మిర్రర్ చేసి పెడితే నిశ్చింతగా నడుస్తుంది. ప్రాసెసర్ మీద మిగిల్చిన డబ్బు యూపీఎస్ మీదా, బయటి హార్డ్ డిస్క్ బ్యాకప్ మీదా పెట్టండి. లెక్కల డేటా పోయేది ప్రాసెసర్ స్లో అయి కాదు.

కోర్లు ఎక్కువుంటే లైసెన్స్ ఖర్చు పెరుగుతుందా?

పెరుగుతుంది, ఒక్కోసారి యంత్రం ధరని మించి. విండోస్ సర్వర్‌కి కోర్ల లెక్కన లైసెన్స్ కొనాలి, ప్రాసెసర్‌కి కనీసం 8, సర్వర్‌కి కనీసం 16. ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా కోర్ లైసెన్స్ తీసుకుంటే ప్రాసెసర్‌కి కనీసం 4, ఆ పైన ఉన్న ప్రతి కోర్‌కీ కట్టాలి. అందుకే డేటాబేస్ పెట్టేవాళ్లు కావాలనే 8 కోర్ల, ఎక్కువ వేగం ఉన్న జియాన్ వెతుక్కుంటారు. లినక్స్, పోస్ట్‌గ్రెస్ అయితే ఈ గొడవే లేదు.

పాత జియాన్ మీద ఏఐ మోడల్ నడపొచ్చా?

నడుస్తుంది, ఎంత వేగంగా అన్నది ర్యామ్ తేలుస్తుంది. ఒక్కో పదం ముక్క పుట్టడానికి మోడల్ మొత్తాన్నీ ర్యామ్ నుంచి ఒకసారి చదవాలి. ఈ5 వీ4లో నాలుగు ఛానళ్ల డీడీఆర్4-2400 సెకనుకి మహా అయితే 76.8 జీబీ ఇస్తుంది. 4 బిట్లకి కుదించిన 70 బిలియన్ పారామీటర్ల మోడల్ దాదాపు 40 జీబీ. భాగిస్తే సెకనుకి రెండు ముక్కలు కూడా కష్టం. 8 బిలియన్ల మోడల్ 5 జీబీ ఉంటుంది కాబట్టి లెక్క ప్రకారం 15 దాకా రావాలి, చేతికి వచ్చేది అంతకంటే తక్కువే. ఇక్కడ కోర్లు పెంచినా పెద్ద తేడా రాదు, ఛానళ్లు నాలుగూ నిండేలా ర్యామ్ వేయడమే ముఖ్యం. 2023 నుంచి వచ్చిన స్కేలబుల్ జియాన్లలో ఏఎంఎక్స్ అని ఏఐ లెక్కల కోసమే ఒక భాగం పెట్టారు, ఎనిమిది ఛానళ్ల డీడీఆర్5-4800తో సెకనుకి 307 జీబీ వస్తుంది, అదంతా వేరే లోకం, వేరే బడ్జెట్.

## సెకండ్ హ్యాండ్ బేరం ఆడేటప్పుడు

ఎంత పాతది దాకా కొనొచ్చు?

వీ3 కంటే పాతది వద్దు, ఉచితంగా ఇచ్చినా ఆలోచించండి. కారణం ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ ఆదేశాల గుంపు. అది వీ3తో మొదలైంది. 2025లో వచ్చిన రెడ్‌హ్యాట్ లినక్స్ 10కి ఆ తరం ఆదేశాలు ఉండి తీరాలి, లేకపోతే ఇన్‌స్టాల్ కూడా అవ్వదు. ఆల్మాలినక్స్ వాళ్లు పాత చిప్పులకి వేరే బిల్డ్ ఇస్తున్నారు గానీ ఎంతకాలం అలా నెట్టుకొస్తారు. మోంగోడీబీ డేటాబేస్ 5 నుంచి ఏవీఎక్స్ లేని చిప్పుల్ని ఒప్పుకోవట్లేదు, అంటే 2012కి ముందున్న జియాన్లు చాలావరకు దానికి అవుట్. వీ1, వీ2లతో ఇంకో తలనొప్పి, అవి డీడీఆర్3. ఆ ర్యామ్ ఇంకెందులోకీ పనికిరాదు, ఆ పెట్టెతోనే దాని జీవితం అయిపోతుంది.

చైనా ఎక్స్99 బోర్డు, జియాన్, ర్యామ్ కాంబో చాలా చీప్‌గా వస్తోంది, ఎలా ఉంటుంది?

చిప్పు చాలావరకు అసలుదే, ఏదో డేటా సెంటర్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చింది. అనుమానం అంతా బోర్డు మీదే. పేరు ఎక్స్99 అని ఉంటుంది, లోపల బీ85 లాంటి మామూలు డెస్క్‌టాప్ చిప్‌సెట్ (బోర్డు మీద భాగాలని కలిపే చిప్పు) పెట్టి ఉండొచ్చు. స్లీప్ నుంచి లేవకపోవడం, ఫ్యాన్ వేగం ఇష్టమొచ్చినట్టు మారడం, బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అనేదే రాకపోవడం వీటిలో మామూలు. ఆడుకోడానికి సరే. ఆఫీసు డేటా పెట్టాలంటే మాత్రం పెద్ద కంపెనీ పాత వర్క్‌స్టేషనే మేలు.

అయితే హెచ్‌పీ, డెల్ పాత వర్క్‌స్టేషన్ తీసుకుంటే ఇబ్బందులేం ఉండవా?

ఉంటాయి, కానీ ముందే తెలిసినవి. హెచ్‌పీ జెడ్440 ఉదాహరణకి తీసుకోండి. ఎనిమిది ర్యామ్ స్లాట్లు, శబ్దం తక్కువ, గట్టి డబ్బా. కానీ పవర్ సప్లై దాని సొంత ఆకారం, సొంత కనెక్టర్. పోతే బజార్లో దొరికే మామూలు ఏటీఎక్స్ సప్లై నేరుగా సరిపోదు, అదే మోడల్‌ది వెతుక్కోవాలి. పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఉంటే సప్లై ఎన్ని వాట్లదో, లోపల ఎన్ని పవర్ వైర్లు వచ్చాయో కొనే ముందే మూత తీయించి చూసుకోండి.

చిప్పు మీద "ఇంటెల్ కాన్ఫిడెన్షియల్" అని ఉంది, పర్లేదా?

కొనకండి. అది ఇంజనీరింగ్ శాంపిల్, మార్కెట్లోకి రాకముందు బోర్డు తయారీదారులకి పరీక్షల కోసం ఇచ్చేది. అమ్మడానికి కాదని ఇంటెల్ వాళ్లే చెప్తారు. ఈ5, మొదటి స్కేలబుల్ తరాల్లో అసలు చిప్పు మూత మీద మోడల్ నంబరూ, ఎస్‌ఆర్‌తో మొదలయ్యే కోడూ ఉంటాయి. శాంపిల్ మీద మోడల్ ఉండాల్సిన చోట ఆ కాన్ఫిడెన్షియల్ మాటా, క్యూతో మొదలయ్యే కోడూ కనిపిస్తాయి. బేస్ వేగం తక్కువ ఉండొచ్చు, కొత్త బయోస్ వేయగానే బోర్డు దాన్ని గుర్తుపట్టకపోవచ్చు.

సీటీసీలో చూసి తెచ్చుకుందామనుకుంటున్నా, షాపులో ఏం చెక్ చేయాలి?

సికింద్రాబాద్ సీటీసీ అయినా, చెన్నై రిచీ స్ట్రీట్ అయినా అడగాల్సింది ఒకటే: "అన్నా, కూలర్ ఒకసారి తీసి చూపిస్తారా?" తీయనంటే ఇంకో షాపు. ఈ చిప్పులకి కాళ్లుండవు, ఈ5 అయితే బోర్డు సాకెట్లోనే 2011 సన్నని పిన్నులుంటాయి. ఫోన్ టార్చి పైనుంచి కొడితే ఏమీ తెలీదు, పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. వరసలన్నీ ఒకేలా మెరవాలి. ఎక్కడైనా ఒక చుక్క నల్లగా ఉన్నా, వంకరగా మెరిసినా పిన్ను వంగిందని అర్థం. అలాంటి బోర్డు ఆన్ అవుతుంది, విండోస్ కూడా వస్తుంది, కానీ ఒక ర్యామ్ ఛానల్ మాయమై ఉంటుంది. అందుకే అన్ని స్లాట్లలోనూ ర్యామ్ పెట్టించి బయోస్‌లో మొత్తం కనిపిస్తోందో లేదో చూడాలి.

సర్వర్ అయితే దాని మేనేజ్‌మెంట్ చిప్పు (డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐలో) లాగ్ తెరిపించండి. మెమరీ తప్పులు, పవర్ సప్లై ఫెయిల్యూర్లు తేదీలతో సహా ఉంటాయి. లాగ్ నిన్ననే తుడిచి ఉంటే ఆ సంగతి కూడా అందులోనే కనిపిస్తుంది.

ర్యాక్ సర్వర్ ఇంట్లో పెట్టుకోవచ్చా?

విడిగా గది ఉంటేనే. 1యూ, అంటే ర్యాక్‌లో ఒక్క అర ఎత్తే ఉండే సర్వర్లో ఫ్యాన్లు 40 మిల్లీమీటర్లే ఉంటాయి, గాలి సరిపోవాలంటే విపరీతమైన వేగంతో తిరగాలి, ఆ కీచుమనే శబ్దం తలుపు మూసినా ఆగదు. 2యూ కొంచెం నయం. ఆన్ చేయగానే కొన్ని సెకన్లు పూర్తి వేగంతో తిరుగుతాయి, షాపులో ఆ శబ్దం విని భయపడక్కర్లేదు, అది సర్దుకున్నాక ఎంత ఉంటుందో విని నిర్ణయించుకోండి.

## బిగించేటప్పుడు

అన్నీ పెట్టా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు?

గ్రాఫిక్స్ కార్డు పెట్టారా? ఈ5, స్కేలబుల్, డబ్ల్యూ-2100 లాంటి పెద్ద డబ్ల్యూ సిరీస్ జియాన్లలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. ఈ3-1245 లాంటి చివర 5 వచ్చేవాటిలోనూ, ఈ-2176జీ లాంటి జీ వచ్చేవాటిలోనూ ఉంటుంది. సర్వర్ బోర్డులకి ఉండే వీజీఏ వేరు, అది మేనేజ్‌మెంట్ చిప్పుది. ఒకటి గుర్తుంచుకోండి, పెద్ద ర్యామ్ వేసిన సర్వర్ మొదటిసారి ఆన్ అవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు, కంగారుపడి మధ్యలో పీకేయకండి.

డెస్క్‌టాప్ ర్యామూ సర్వర్ ర్యామూ కలిపి వేయొచ్చా?

కుదరదు. సర్వర్లలో వచ్చేవి రిజిస్టర్డ్ స్టిక్కులు, డెస్క్‌టాప్‌వి అన్‌బఫర్డ్, రెండూ డీడీఆర్4 అయినా ఒకే బోర్డులో కలవవు. స్టిక్కు స్టిక్కర్ మీద 2400టీ-ఆర్ అన్నట్టు ఆర్ వస్తే రిజిస్టర్డ్, ఎల్ వస్తే లోడ్ రెడ్యూస్డ్, యూ లేదా ఈ వస్తే అన్‌బఫర్డ్. ఈ3, 'ఈ' సిరీస్ జియాన్లకి ఈసీసీ వేసినా అన్‌బఫర్డ్ రకమే కావాలి, జియాన్ కదా అని రిజిస్టర్డ్ కొని తెస్తే సిస్టమ్ లేవదు.

రెండో సాకెట్ ఖాళీగా వదిలేయొచ్చా?

వదిలేయొచ్చు, సిస్టమ్ నడుస్తుంది. కానీ రెండో ప్రాసెసర్‌కి కట్టుబడిన ర్యామ్ స్లాట్లు, కొన్ని పీసీఐఈ స్లాట్లు చచ్చినట్టే. నెట్‌వర్క్ కార్డు దొరకట్లేదు అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇలాంటివే, కార్డు బాగానే ఉంటుంది, స్లాటుకి యజమాని లేడు. ఖాళీ సాకెట్ మీద ప్లాస్టిక్ మూత మాత్రం తీయకండి.

కూలర్ స్క్రూలు సాకెట్‌కి కలవట్లేదు, 2011 అనే రాసుంది కదా?

2011 సాకెట్‌కి బిగింపు రెండు రకాలు. చదరంగా ఉండేది 80కి 80 మిల్లీమీటర్లు, సన్నగా పొడుగ్గా ఉండేది 56కి 94. సర్వర్ బోర్డుల్లో సన్నది ఎక్కువ, స్థలం కలిసొస్తుందని. స్కేలుతో రంధ్రాల మధ్య దూరం కొలిచి ఆ తర్వాతే కూలర్ ఆర్డర్ పెట్టండి.

## రోజూ వాడుతున్నప్పుడు

విండోస్ 11 వస్తుందా?

ఈ5 వీ4 దాకా ఉన్నవేవీ మైక్రోసాఫ్ట్ అధికారిక జాబితాలో లేవు. తనిఖీ దాటించి వేస్తే నడుస్తుంది, చాలామంది అలాగే వాడుతున్నారు, కాకపోతే రేపు ఏ పెద్ద అప్‌డేట్ ఆగిపోయినా అడిగే హక్కు ఉండదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. నన్నడిగితే, విండోస్ తప్పనిసరి కాని పెట్టెలో లినక్స్ వేసేయండి.

రెండు ప్రాసెసర్లు పెట్టినా విండోస్‌లో ఒకటే కనిపిస్తోంది?

హోమ్ ఎడిషన్ అయ్యుంటుంది. హోమ్ ఒక్క సాకెట్‌నే వాడుతుంది, ప్రో రెండు, ప్రో ఫర్ వర్క్‌స్టేషన్స్ నాలుగు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

ప్లగ్గు దగ్గర పెట్టే వాట్ మీటర్ ఒకటి కొనండి, చిప్పు వివరాల్లో రాసిన 120 వాట్లు చూసి లెక్కలేయకండి, అది ప్రాసెసర్ ఒక్కదానిదే. సగటున 150 వాట్లు లాగే పెట్టె రోజంతా ఆన్‌లో ఉంటే రోజుకి 3.6 యూనిట్లు, నెలకి 108. యూనిట్ 8 రూపాయలనుకుంటే 864 రూపాయలు. ఇది ఇంటి వాడకం పైన కలుస్తుంది కాబట్టి మీకు పై స్లాబు రేటే పడుతుందని మర్చిపోకండి. రెండు సాకెట్ల పాత సర్వర్ అయితే అది చౌకగా వచ్చిన డబ్బంతా ఒకట్రెండేళ్ల బిల్లుల్లో తిరిగి వెళ్లిపోతుంది. ల్యాబ్ మాత్రమే అయితే చదువు అయ్యాక ఆపేయండి.

ఎండాకాలం ఏసీ లేకుండా నడపొచ్చా?

చాలా సర్వర్ల మాన్యువల్లో గది వేడి 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పైఅంతస్తు గది మధ్యాహ్నం ఎక్కడుంటుందో మీకు తెలుసు. వెంటనే ఏమీ కాలిపోదు, ముందు ఫ్యాన్లు అరుస్తాయి, తర్వాత ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, ప్రాసెసర్ కంటే ముందు హార్డ్ డిస్కులు దెబ్బతింటాయి. ఆ రెండు నెలలూ పెద్ద పనులు రాత్రికి పెట్టుకోండి. పాత యంత్రమైతే థర్మల్ పేస్ట్ మార్చడం, దుమ్ము ఊదించడం ఏప్రిల్‌లోపే చేయించండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ మళ్లీ కావాలా?

ఇన్వర్టర్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టినా అది మారే ఆ క్షణం కొన్ని పవర్ సప్లైలు తట్టుకుంటాయి, కొన్ని రీస్టార్ట్ అవుతాయి. ప్యూర్ సైన్ వేవ్ కాకపోతే ఇంకా అనుమానం. డేటా ముఖ్యమైతే చిన్న యూపీఎస్ పెట్టి దాన్ని ఇన్వర్టర్ లైనుకి కలపండి, యూఎస్‌బీ వైరు సర్వర్‌కి పెట్టి బ్యాటరీ తగ్గగానే దానంతట అదే షట్‌డౌన్ అయ్యేలా సెట్ చేయండి.

స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అన్నారు కదా, పాత జియాన్ సేఫేనా?

అవి ప్రాసెసర్లలోని భద్రతా లోపాలు, 2018 జనవరిలో ఆ రెండూ బయటపడ్డాయి. ఈ5 వీ3, వీ4లకి చిప్పు లోపల దిద్దుబాటు లేదు, మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్), ఆపరేటింగ్ సిస్టమ్ కలిసి కాపాడతాయి, దానికి కొంత వేగం పోతుంది. 2019 తరం నుంచి వీటిలో కొన్నిటికి చిప్పులోనే అడ్డుకట్ట వేశారు. ఇంట్లో మీరొక్కరే వాడే ల్యాబ్‌కి టెన్షన్ అక్కర్లేదు, అప్‌డేట్లు వేసుకుంటే చాలు. తెలియనివాళ్ల వర్చువల్ మెషీన్లు అద్దెకిచ్చే ఉద్దేశం ఉంటే పాత చిప్పు జోలికి పోవద్దు.

ఓవర్‌క్లాక్ చేయొచ్చా?

చాలా జియాన్లకి తాళం వేసే ఉంటుంది. ఈ5-1650 వీ3, 1680 వీ3 లాంటివి, కొత్త వర్క్‌స్టేషన్ చిప్పుల్లో చివర ఎక్స్ ఉన్నవి మాత్రం తెరిచే ఉంటాయి. వీ3 చిప్పులకి బయోస్ మార్చి అన్ని కోర్లనీ పై టర్బోలో నడిపే చిట్కా ఒకటి తిరుగుతోంది, పనిచేస్తుంది కూడా, కానీ చైనా బోర్డు మీద అది చేస్తే పవర్ ఇచ్చే భాగం విపరీతంగా వేడెక్కుతుంది, చేయి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

## మార్చేటప్పుడు, పెంచుకునేటప్పుడు

అదే బోర్డులో కొత్త జియాన్ పెట్టుకోవచ్చా?

సాధారణంగా ఒక్క మెట్టే ఎక్కగలరు. ఈ5 వీ1 బోర్డులో వీ2, వీ3 బోర్డులో వీ4, 6100 సిరీస్ బోర్డులో 6200, 2023 జనవరి తరం బోర్డులో డిసెంబరులో వచ్చింది. అన్నిటికీ ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి, అదీ పాత చిప్పు తీయకముందే. వీ2 బోర్డులో వీ3 మాత్రం పట్టదు, రెండూ 2011 అనే పిలిచినా గాట్లు వేరు, ర్యామ్ వేరు.

ఇదంతా ఎందుకు, క్లౌడ్‌లోనే జియాన్ అద్దెకి తీసుకుంటే?

రోజుకి రెండు మూడు గంటలే వాడేవాళ్లకి అదే తెలివైన పని. అమెజాన్‌కి 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియనే ఉంది. ఒక్క మెలిక మాత్రం తెలుసుకోండి: అక్కడ ఇంటెల్ మెషీన్లలో ఒక వీసీపీయూ అంటే ఒక థ్రెడ్, పూర్తి కోర్ కాదు. నాలుగు వీసీపీయూల ఎం7ఐ అనే రకం మెషీన్ తీసుకుంటే మీ చేతికొచ్చేది రెండు కోర్లు. అదే ఏఎండీ ఎం7ఏలో ఒక్కో వీసీపీయూ ఒక పూర్తి కోర్. ఏ చిప్పు మీద ఉన్నారో లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే మోడల్ పేరు వస్తుంది. ర్యామ్ ఎక్కువ కావాల్సి, నెలంతా ఆన్‌లో ఉండాల్సిన పనికి మాత్రం మొదటి నెల బిల్లు చూశాక చాలామంది మళ్లీ పాత వర్క్‌స్టేషన్ల గురించి అడగడం మొదలుపెడతారు.